ఎదురు పేజీలోని భాష

సొంతంగా ఫ్రెంచి నేర్చుకోవాలనుకుంటున్నాం, ఏ పుస్తకం మంచిది, ఏ పద్ధతి సులువు అని అడిగే యువకులు ఈ మధ్య ఎక్కువయ్యారు. వెనక ఈ ప్రశ్న వేసేవాళ్లు సాహిత్యాభిమానులు. బోదలేర్‌నో సార్త్ర్‌నో మూలంలో చదవాలన్న తపన వాళ్లది. ఇప్పుడు అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది కెనడా. శాశ్వత నివాసానికి మనుషుల్ని ఎంచుకునేటప్పుడు ఫ్రెంచి వచ్చినవారిని విడిగా ఎంపిక చేసే పద్ధతిని ఆ ప్రభుత్వం 2023లో ప్రారంభించింది. దాంతో మన పట్టణాల్లో ఫ్రెంచికి గిరాకీ పుట్టింది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పొట్టకోసం భాష నేర్చుకోవడం కవిత్వం కోసం నేర్చుకోవడం కన్నా హీనమని నేననుకోను.

అయితే ఆ ప్రశ్న వేసే తీరు గమనించదగ్గది. దుకాణంలో వస్తువును అడిగినట్టు అడుగుతారు. భాషాభ్యాస సాధనం ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు, ఎవరినో దృష్టిలో పెట్టుకుని, ఏదో ఒక ప్రయోజనం కోసం తయారుచేస్తారు. నేర్చుకునేవాడికి అంతకుముందే ఏం తెలిసి ఉంటుందో కూడా వాళ్లే ఊహించుకుంటారు. ఈ చివరి అంశం మీదనే నాకు పట్టింపు. దాన్ని వివరించడానికి రెండువందల ఏళ్ల కిందటి ఒక సంఘటన దగ్గరికి వెళ్లాలి. అది చాలామంది చెప్పిన కథే. కానీ అందులో ముఖ్యమైన మనిషిని వదిలేసి చెబుతున్నారని నా అభియోగం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా రాజాస్థానాలన్నిటా ఫ్రెంచి చెలామణీ అయింది. ప్రభువుల పిల్లలకు ఇంట్లో ఫ్రెంచి దాదులు, ఉపాధ్యాయులు ఉండేవారు. వాళ్లకు భాష ఆటలో భాగంగా వచ్చేది. ఆ స్తోమత లేని మధ్యతరగతి వాడికి వ్యాకరణ పుస్తకం గతి. ముందు సూత్రం, ఆ తరువాత ఉదాహరణ, ఆ తరువాత అనువదించవలసిన విడివిడి వాక్యాలు. నాలుగైదేళ్లు గడిస్తే గాని అసలు పుస్తకం చేతికి రాదు. ఈ క్రమంలో ప్రతి మెట్టు దగ్గరా వివరించేవాడొకడు నిలబడి ఉంటాడు. అతను చెప్పేదాకా శిష్యుడు ఆగవలసిందే.

ఈ క్రమాన్ని తలకిందులు చేసినవాడు జోసెఫ్ జాకొతో. 1770లో దిజోన్‌లో పుట్టాడు. విప్లవ సైన్యంలో ఫిరంగిదళ అధికారిగా పనిచేశాడు. సాహిత్యం, గణితం, న్యాయశాస్త్రం వగైరాలన్నీ బోధించాడు. 1815లో నెపోలియన్ తిరిగివచ్చిన వంద రోజుల కాలంలో ప్రజాప్రతినిధిగా ఎన్నికయ్యాడు. బూర్బన్ రాజులు మళ్లీ గద్దెనెక్కాక దేశం విడిచిపెట్టక తప్పలేదు. అప్పటికి నెదర్లాండ్స్ రాజ్యంలో భాగంగా ఉన్న లూవెన్ విశ్వవిద్యాలయంలో, 1818లో, ఫ్రెంచి సాహిత్యం చెప్పే ఉద్యోగం దొరికింది. చిక్కల్లా ఏమిటంటే, అతని దగ్గరికి వచ్చిన విద్యార్థుల్లో చాలామందికి ఫ్లెమిష్ తప్ప ఫ్రెంచి రాదు. అతనికి ఫ్లెమిష్ ముక్క రాదు.

ఆ రోజుల్లోనే బ్రస్సెల్స్‌లో ఫెనెలోన్ రాసిన ‘తెలెమాక్’ ద్విభాషా ముద్రణ వెలువడుతోంది. ఒక పక్క ఫ్రెంచి, ఒక పక్క ఫ్లెమిష్. జాకొతో ఆ పుస్తకాన్ని విద్యార్థుల చేతికిచ్చి, ఒక దుబాసీ ద్వారా తన మాట చెప్పించాడు. అనువాదం సాయంతో ఫ్రెంచి పాఠాన్ని నేర్చుకోండి, మొదటి సర్గ సగం అయ్యేదాకా నేర్చినదాన్ని మళ్లీ మళ్లీ వల్లె వేయండి, మిగిలింది కథ చెప్పగలిగేటంత మేరకు చదవండి అని. అతను ఏ సూత్రమూ వివరించలేదు. క్రియారూపాలు చెప్పలేదు. కొంతకాలం పోయాక, చదివినదాని మీద మీ అభిప్రాయాలు ఫ్రెంచిలో రాసి తెండి అన్నాడు. భయంకరమైన తప్పులు చూడవలసి వస్తుందనుకున్నాడు. వాళ్లు ఫ్రెంచివాళ్లు రాసినట్టే రాసుకొచ్చారు.

వివరించేవాడు లేకుండానే నేర్చుకున్నారంటే, ఇన్నాళ్లూ ఆ వివరణ దేనికి పనికొచ్చినట్టు? ఈ ప్రశ్న జాకొతోని వదల్లేదు. మనుషుల తెలివితేటలన్నీ సమానమని, ఏదో ఒకటి బాగా నేర్చుకుని తక్కిన ప్రతిదాన్నీ దానికి ముడిపెట్టుకుంటే చాలునని సిద్ధాంతం చేశాడు. దానికి ‘సార్వత్రిక బోధన’ అని పేరుపెట్టి 1823 నుంచి పుస్తకాలు ప్రచురించాడు. తనకు రాని చిత్రలేఖనం, పియానో కూడా నేర్పించాడు. పేదతండ్రి తనకు చదువు రాకపోయినా బిడ్డ చదువును పర్యవేక్షించగలడని వాదించాడు. కొన్నేళ్లపాటు ఐరోపాలో ఈ పద్ధతి పెద్ద సంచలనం. 1840లో అతను చనిపోయిన తరువాత క్రమంగా మరుగున పడింది.

దాన్ని మళ్లీ తవ్వి తీసింది జాక్ రాన్సియేర్. 1965లో అల్తుసేర్ నాయకత్వంలో ‘పెట్టుబడి’ గ్రంథం మీద వచ్చిన సామూహిక రచనలో పాలు పంచుకున్నవాడు. 1974లో గురువు మీద తిరగబడి పుస్తకం రాశాడు. శాస్త్రీయ జ్ఞానం మేధావి దగ్గర ఉంటుంది, శ్రామికుడు దాన్ని అందుకోవాలి అనే వైఖరి మీద ఆ తిరుగుబాటు. తరువాత పాత కాగితాల్లో మునిగి, పగలు పనిచేసి రాత్రి నిద్ర మానుకుని చదివిన, రాసిన 1830ల నాటి కార్మికుల చరిత్రను 1981లో వెలువరించాడు. గాబ్రియేల్ గోనీ అనే వడ్రంగి అందులో ఒకడు. ఆ కార్మికుల్ని వెతుకుతూనే జాకొతోని చేరుకున్నాడు. 1987లో ‘అజ్ఞాని గురువు’ అనే అర్థం వచ్చే పేరుతో అతని మీద పుస్తకం రాశాడు. మనవైపు ఈ కథ తెలిసినవాళ్లకు చాలావరకు ఆ పుస్తకం ద్వారానే తెలుసు.

నాకు ఆ పుస్తకం అంటే గౌరవమే. కాని ఒక మాట అడగాలి. గురువు మౌనంగా ఉన్నాడు, శిష్యులు స్వశక్తితో నేర్చుకున్నారు అంటున్నారే, గదిలో ఇంకొకడు ఉన్నాడు కదా? ఎదురు పేజీలో ఫ్లెమిష్ రాసిన అనువాదకుడు. ఈ కథ చెప్పేటప్పుడు అతని పేరు వినబడదు. జాకొతో వివరించని ప్రతి వాక్యాన్నీ అతను ముందుగానే వాళ్ల తల్లిభాషలో చెప్పి పెట్టాడు. అతని శ్రమ లేకుండా ‘తెలెమాక్’ ఆ కుర్రాళ్లకు గోడ. తెలిసినదానికి తెలియనిదాన్ని ముడిపెట్టాలన్న జాకొతో సూత్రం నిలబడింది ఎందుకంటే, ఆ తెలిసినది వాళ్ల సొంత భాష కాబట్టి. ఇదే పుస్తకం ఫ్రెంచి, లాటిన్ భాషల్లో అచ్చయి వచ్చి ఉంటే ఆ ప్రయోగం లాటిన్ చదివిన వాళ్ల దగ్గరే ఆగిపోయేది. తెలివితేటల సమానత్వం రుజువైందంటే అందులో సగం పుణ్యం ఆ అనువాదకుడిది.

మరొక పరిమితి కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచి లిపికీ ఉచ్చారణకీ మధ్య దూరం ఎక్కువ. మాట చివర రాసిన హల్లుల్లో సగం పలకవు. పుస్తకం ఒక్కటే పట్టుకున్నవాడికి వచ్చేది మూగ ఫ్రెంచి. లూవెన్ విద్యార్థుల ఎదుట జాకొతో ఉన్నాడు. అతను అజ్ఞాని ఫ్లెమిష్ విషయంలోనే గాని ఫ్రెంచి విషయంలో కాదు. గురువే లేని స్వయంకృషికి ఆ తరగతిని ఉదాహరణగా చూపేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకా లోతుకు వెళితే, అసలు ఆ కుర్రాళ్లకు ఫ్రెంచి ఎందుకు కావలసి వచ్చింది? ఫ్లాండర్స్‌లో పై తరగతుల భాష ఫ్రెంచి. న్యాయస్థానానికీ కార్యాలయానికీ పెద్దమనుషుల విందుకీ అదే తాళంచెవి. ఫ్లెమిష్ ప్రాంతాల్లో డచ్ భాషను అధికార వ్యవహారంలోకి తేవాలని విలియం రాజు 1819లో ఉత్తరువు ఇచ్చాడు. 1830లో బెల్జియం విడిపోయి స్వతంత్రమయ్యాక మళ్లీ ఫ్రెంచిదే పైచేయి. చట్టాల్లో డచ్‌కు సమాన హోదా రావడానికి 1898 దాకా పట్టింది. ఘెంట్ విశ్వవిద్యాలయం డచ్‌లో బోధించడం 1930లో మొదలైంది. జాకొతో పాఠం చెప్పిన లూవెన్‌లోనే ఫ్లెమిష్ విద్యార్థుల ఆందోళన 1968లో ప్రభుత్వాన్ని పడగొట్టింది. విశ్వవిద్యాలయం రెండుగా చీలింది. ఫ్రెంచి భాగం వేరే చోట కొత్త ఊరు కట్టుకోవలసి వచ్చింది. తెలివితేటలు సమానమని చాటినవాడు ఆ రెండు భాషల మధ్య అసమానతను పట్టించుకోలేదు. తనకు ఫ్లెమిష్ రాకపోవడాన్ని సిద్ధాంతంగా మార్చుకున్నాడే గాని, ఎదురు పేజీ చదవడానికి తాను ప్రయత్నించాలని అనుకోలేదు.

జాకొతో సమకాలికుడే జేమ్స్ హామిల్టన్ అనే ఇంగ్లీషు వ్యాపారి. 1815లో న్యూయార్క్ చేరి ఫ్రెంచి చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి ఫ్రెంచి మాట కిందా దాని అర్థాన్ని ఇంగ్లీషులో వేయడం అతని పద్ధతి. పడమటివాళ్లు దీన్ని కొత్త ఆవిష్కరణగా చర్చించుకున్నారు. మనకు ఇందులో వింతేముంది? ప్రతిపదార్థం, తాత్పర్యం అన్నవి మన టీకాకారుల నిత్యకృత్యం. 1854లో మద్రాసులో పుట్టిన వావిళ్లవారి సంస్థ సంస్కృత కావ్యాల్ని తెలుగు లిపిలో, తెలుగు టీకతో అచ్చువేసి అమ్మింది. పాఠశాల గడప ఎక్కే అర్హత లేదన్న వాళ్లలో కూడా డబ్బిచ్చి కొనగలిగినవాడు ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకోగలిగాడు. ద్విభాషా పుస్తకం చేసే పని అదే. అడ్డు నిలబడ్డవాణ్ణి అడగకుండా లోపలికి వెళ్లనిస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి భాషాభ్యాసం పెద్ద వ్యాపారమైంది. 1835లో పారిస్ నుంచి ఓలెండార్ఫ్ పద్ధతి వచ్చింది. ఎవరూ ఎవరితోనూ అనని ప్రశ్నలు, జవాబులు వందల కొద్దీ. 1878లో అమెరికాలో బెర్లిట్జ్ తన బడి తెరిచి, తల్లిభాషను తరగతి గదిలోంచి వెళ్లగొట్టాడు. నేర్చుకునే భాషలోనే అంతా జరగాలన్నది నియమం. దానివల్ల నోరు తిరుగుతుంది, నిజమే. కాని ఈ పద్ధతికి ఆ భాషవాడు ఎల్లవేళలా ఎదుట ఉండాలి, గంటకు ఇంత అని జీతం ఇవ్వాలి. 1901లో లింగ్వాఫోన్ వచ్చింది. ముందు మైనపు గొట్టాలు, తరువాత గ్రామఫోన్ రికార్డులు. మూగ ఫ్రెంచికి నోరు ఇచ్చింది ఇదే కాబట్టి, నా దృష్టిలో ఈ వ్యాపార సరంజామా అంతటిలో నిజమైన ముందడుగు ఇది. 1929లో ఆల్ఫోన్స్ షెరెల్ అసిమిల్ సంస్థను ప్రారంభించాడు. రోజుకొక చిన్న సంభాషణ, ఎదురు పేజీలో అనువాదం. మొదట కొన్ని వారాలు వినడం, చదవడం మాత్రమే. తరువాత వెనక్కి వచ్చి పాత పాఠాల్ని తిరిగి ఫ్రెంచిలోకి మార్చడం. పేరు చెప్పకపోయినా ఇది సగం జాకొతోయే. ‘తెలెమాక్’ స్థానంలో హోటళ్లు, రైళ్లు, టోపీలు వచ్చాయి.

వ్యాపారి తరువాత రంగంలోకి దిగింది రాజ్యం. నిజానికి అంతకుముందే దిగింది. 1883లో పుట్టిన అలియాన్స్ ఫ్రాన్సేజ్, వలసల్లోనూ విదేశాల్లోనూ ఫ్రెంచి భాషను వ్యాప్తి చేసే జాతీయ సంఘమని తన పేరులోనే చెప్పుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి వలసలు కదిలిపోతున్న కాలంలో, ఇంగ్లీషువాళ్ల బేసిక్ ఇంగ్లీషుకు పోటీగా, ఫ్రెంచి ప్రభుత్వం ఒక కనీస ఫ్రెంచిని తయారుచేయించింది. గూగెన్‌హైమ్ అనే భాషావేత్త నాయకత్వంలో 275 మంది మాటల్ని టేపుల మీద ఎక్కించి, 3,12,135 పదాల్ని లెక్కపెట్టారు. విద్వాంసుల పుస్తకాలు కాక జనం నోటి మాట ఆధారం కావడం విశేషం. లెక్క తేలాక ఒక చిత్రం బయటపడింది. నిత్యం చేతిలో ఆడే వస్తువుల పేర్లు సంభాషణల్లో చాలా అరుదుగా వచ్చాయి. వస్తువు ఎదుట ఉంటే దాని పేరుతో పనేముంది? అందుకని బడిపిల్లల చేత ఒక్కొక్క విషయం మీద తోచిన మాటల జాబితాలు రాయించి ఆ ఖాళీ పూరించారు.

ఈ కనీస ఫ్రెంచి 1954లో వెలువడగానే, కమ్యూనిస్టు భాషావేత్త మార్సెల్ కోహెన్ మరికొందరితో కలిసి 1955లో దాని మీద విమర్శ ప్రచురించాడు. వలస ప్రజలకు కుదించిన భాష చాలుననే ఆలోచన అందులో దాగి ఉందన్నది ఆ విమర్శ సారాంశం. నాకు ఈ వాదంలో చాలా పాలు సమంజసమే. అయితే మొదటి మెట్టు మీద నిలబడ్డవాడికి వెయ్యిన్నర మాటల పట్టిక అవసరమే. కోహెన్ పక్షం ఆ అవసరాన్ని చిన్నచూపు చూసింది. ప్రమాదం మొదటి మెట్టులో లేదు, రెండో మెట్టు కట్టకపోవడంలో ఉంది.

కుదించిన భాషను కాదని మొత్తం భాషను లాక్కున్న వలస మనిషి ఉదాహరణ ఒకటి ఉంది. 1919లో వెర్సాయ్ శాంతి సభకు అన్నామీ ప్రజల కోర్కెల పత్రం ఒకటి అందింది. కింద ఉన్న పేరు న్గుయెన్ ఐ క్వోక్. తరువాత లోకం హోచిమిన్ అని పిలిచినవాడు. చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదివినా, ఆ పత్రం రాయగల ఫ్రెంచి అప్పటికి అతనికి లేదు. ఫాన్ వాన్ త్రువాంగ్ అనే న్యాయవాది రాసిపెట్టాడు. తన జనం తరఫున మాట్లాడటానికి కూడా ఇంకొకరి కలం కావలసి వచ్చింది. అప్పుడు అతను ఎన్నుకున్న సాధనం వార్తాపత్రిక. హోచిమిన్ జీవితకథగా ప్రచారంలో ఉన్న పుస్తకం చెప్పేదాన్ని బట్టి, పారిస్‌లోని ఒక శ్రామిక పత్రిక సంపాదకుడు నాలుగైదు పంక్తులు రాసి తెమ్మన్నాడు, తప్పులు తాను దిద్దుతానన్నాడు. ఇతను రెండు ప్రతులు రాసేవాడు. ఒకటి ఇచ్చి ఒకటి దగ్గర ఉంచుకునేవాడు. అచ్చయ్యాక రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ ఏం మారిందో చూసుకునేవాడు. తప్పులు తగ్గాక ఇంకొంచెం పొడుగు రాయమన్నారు. బాగా పొడుగయ్యాక, ఇప్పుడు కుదించి రాయమన్నారు. పెంచడం కన్నా కుదించడం కష్టమైందట. 1922 నాటికి వలస ప్రజల పత్రిక ‘లె పారియా’ వెనక అతను ఉన్నాడు. 1925లో ఫ్రెంచి వలసపాలన మీద నేరారోపణ పత్రం లాంటి పుస్తకం ఫ్రెంచిలోనే వచ్చింది. ఫోటోలకు మెరుగులు దిద్దే పనితో పొట్టపోసుకుంటూ సాగించిన చదువు ఇది.

దీనికి రికార్డు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. కావలసింది దిద్దిపెట్టే ఒక మనిషి, రాయవలసిన ఒక విషయం. ఇది జాకొతో పద్ధతికి విరుద్ధం కాదు. అక్కడ రెండు పేజీలు పుస్తకంలో ఉన్నాయి, ఇక్కడ ఒక పేజీ తానే రాశాడు.

ఇప్పుడు మన సంగతి. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. ఎన్నికైన ప్రతినిధులు వేరుగా నిర్ణయించేదాకా ఆ స్థావరాల్లో ఫ్రెంచి అధికారభాషగా ఉంటుందని 1956 నాటి ఒప్పందంలో రాసుకున్నారు కూడా. అయినా తక్కిన తెలుగువాళ్లకు ఫ్రెంచి యానాం మీదుగా రాలేదు, లండన్ మీదుగా వచ్చింది. నేను ఫ్రెంచి మొదలుపెట్టింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత ఇంగ్లీషు పుస్తకంతో. ఇప్పుడు సెల్‌ఫోన్లో వచ్చే పాఠాలు కూడా, నేను చూసినంతలో, ఇంగ్లీషు నుంచే నడిపిస్తాయి. జాకొతో సూత్రం ప్రకారం తెలిసినదానికి ముడిపెట్టాలి. కాని ఈ సాధనాలు మనకు తెలిసింది ఇంగ్లీషు అనుకుంటాయి.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ‘త’, ‘ద’ పలకడానికి నాలుక కొనను పళ్లకు ఆనించమని నా పుస్తకం అరపేజీ ఉపదేశించింది. ఇంగ్లీషువాడికి అది అవసరం. తెలుగు పిల్లవాడు ‘తాత’ అన్ననాడే అది నేర్చుకున్నాడు. అయినా మనం ఇంగ్లీషు అలవాటుతో దెరిదాని డెరిడా చేస్తాం. ‘ప’, ‘త’, ‘క’లను ఊపిరి ఒత్తకుండా పలకాలని ఇంకో హెచ్చరిక. మనకు అల్పప్రాణాలు ఉగ్గుపాలతో వచ్చాయి. మాట చివర పలకని హల్లు, పక్కన అచ్చు వస్తే బతికి పలుకుతుందన్న సంగతి ఇంగ్లీషువాడికి మహావింత. సంధి తెలిసినవాడికి, ముఖ్యంగా ద్రుతం తెలిసినవాడికి, అదేమంత వింత? ముక్కుతో పలికే అచ్చుల కోసం కొత్త గుర్తులు కనిపెట్టుకోనక్కర్లేదు. మనం అటకెక్కించిన అరసున్న ఉంది. మంచి అనే అర్థం వచ్చే మాటను ‘బోఁ’ అని రాసుకుంటే చాలు. తెలుగు తోడ్పడని చోట్లూ లేకపోలేదు. బల్లకు స్త్రీలింగం ఎందుకో ఏ భాషవాడూ చెప్పలేడు. పెదాలు ‘ఉ’కు, నాలుక ‘ఇ’కి పెట్టి పలికే అచ్చు కోసం వినవలసిందే, వందసార్లు అనవలసిందే.

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇది. కెనడా పరీక్షకు గడువు దగ్గరపడితే దానికి కావలసిన పుస్తకాలు వేరు, అవి కొనుక్కోండి. వ్యవధి ఉన్నవాళ్లు ముందు ధ్వనిని పట్టుకోండి, రికార్డు అయినా ఫోన్ అయినా ఒకటే. వ్యాకరణం సన్నదొకటి చాలు. తరువాత, తెలుగులో ఇదివరకే చదివి బాగా గుర్తున్న ఫ్రెంచి కథనో నవలనో మూలంతో సహా ఎదురెదురుగా పెట్టుకోండి. వారానికొక పేజీ రాసి, దిద్దేవాళ్లను వెతుక్కోండి.

ఇక్కడొక అడ్డంకి ఉంది. మన దగ్గర ఫ్రెంచి సాహిత్యపు తెలుగు అనువాదాలు చాలావరకు ఇంగ్లీషు నుంచి చేసినవి. వాటిని మూలం పక్కన పెడితే పంక్తులు కలవవు. ఆ కలవని చోట్లే నాకు ఎక్కువ నేర్పాయి. కామూ 1942లో ప్రచురించిన ‘లెత్రాంజే’ నవలలో, పక్కగదిలో ఉండే రేమోఁ మాటల మధ్యలో కథకుణ్ణి ‘వు’ అనడం మాని ‘త్యు’ అనడం మొదలుపెడతాడు. ఆ సంగతి తాను వెంటనే గమనించలేదని కథకుడు చెప్పుకుంటాడు. ఒక మనిషి ఇంకొకణ్ణి తన గొడవలోకి లాక్కునే క్షణం అది. ఆ తరువాత జరిగే హత్యకు దారి అక్కడినుంచే పడుతుంది. ఇంగ్లీషులో ఉన్నది ఒకే ‘యూ’. అనువాదకుడు ఏ తంటా పడినా ఆ మాటలో ఆ మార్పు చూపలేడు. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాడు ఎక్కడ ‘మీరు’ వదిలి ‘నువ్వు’ వేయాలో ఊహించుకోవాలి. ఫ్రెంచి పేజీలో ఆ చోటు స్పష్టంగా ఉంది. దానికి సరిపోయే మాటా మన దగ్గర ఉంది.